కెచప్ అంటే అసలు అర్థం ఏంటి?

చిన్న డౌట్ అండి. బాటిల్ మీద ఎప్పుడు చూసినా టమాటా కెచప్ అనే రాసుంటది, కెచప్ అంటేనే టమాటాది కదా, మళ్లీ ముందు టమాటా అని తగిలించడం ఎందుకు? పైగా ఒక పాత యాడ్‌లో క్యాట్సప్ అని చూశా, అది అచ్చు తప్పా, వేరే ఐటమా?

జవాబు 1:
ఇది చైనా మాట బ్రో. కాంటనీస్‌లో టమాటా సాస్‌ని కె-జప్ అంటారు, కె అంటే టమాటా, జప్ అంటే రసం. అయిపోయింది.

జవాబు 2:
చైనా వరకు ఓకే గానీ టమాటా దగ్గర లెక్క తప్పింది. ఇంగ్లీషులో ఈ మాట 1690ల్లోనే డిక్షనరీకి ఎక్కింది, టమాటా కెచప్ రెసిపీ అచ్చయిందేమో 1812లో, ఫిలడెల్ఫియాలో జేమ్స్ మీజ్ రాశాడు. వందేళ్లకి పైనే తేడా. ఎక్కువమంది ఒప్పుకునేది హొక్కియన్ మాట, చైనా ఆగ్నేయ తీరంలో ఫూజియన్ వైపు భాష అది, అందులో కె-చ్యప్ అంటే ఉప్పులో ఊరేసిన చేపల నుంచి దిగే నీళ్లు. ఫిష్ సాస్ అన్నమాట! అది మలయ్ భాషలోకి పోయి, ఆ సముద్రాల్లో తిరిగే ఇంగ్లీషు వర్తకుల నోట్లో పడింది. 1711లో చార్లెస్ లాకియర్ అనే వర్తకుడు మంచి కెచప్ టోంకిన్ నుంచి వస్తుందని రాశాడు, అంటే ఇప్పటి ఉత్తర వియత్నాం. ఇంటికెళ్లాక వాళ్లు అదే రుచి కోసం ఆంకోవీ చేపలు, పుట్టగొడుగులు, వాల్‌నట్లు, ఏది దొరికితే దానితో చేసి అన్నిటికీ కెచప్ అనే పేరు పెట్టేశారు. అందుకే దేనితో చేసిందో ముందు చెప్పాల్సొచ్చేది, మీ బాటిల్ మీద టమాటా ఆ అలవాటే.

జవాబు 3:
ఇండోనేషియాలో ఇప్పటికీ కెచప్ అంటే సోయా సాసే. కెచప్ మానిస్ తియ్యటిది, కెచప్ ఇకాన్ చేపలది (ఇకాన్ అంటే చేప). ఎర్రది కావాలంటే సావుస్ తొమాత్ అనాలి, తెలీక కెచప్ అడిగితే నల్లగా వస్తది 😄

జవాబు 1:
సరే ఒప్పుకుంటున్నా. మరి కాంటనీస్ మాట?

జవాబు 2:
అది టమాటా అక్కడికి చేరాక వచ్చిన పేరు, అంత పాతది కాదు. ఇక క్యాట్సప్ తప్పేం కాదండి, పరాయి మాటని ఎవరి చెవికి ఎలా వినపడితే అలా రాసుకున్నారు, 1730లో గలివర్స్ ట్రావెల్స్ రచయిత జొనాథన్ స్విఫ్ట్ కూడా అలాగే రాశాడు. సరుకు ఒకటే.

ప్రశ్న వేసినవారు:
థాంక్స్ అందరికీ. చేపల నీళ్లు అని మాత్రం మా ఇంట్లో చెప్పను, మా చిన్నోడు ముట్టడు ఇంక.