రోడ్డు పక్కన దొరికిన వస్తువు: తీసుకోవాలా, వదిలేయాలా, పోలీస్ స్టేషన్‌లో ఇవ్వాలా?

పెడల్‌రాజు:
పొద్దున్నే సైకిలెక్కితే రోడ్డు అంచున పానాలు, బంగీ తాళ్లు, ఫోన్లు, పర్సులు కనబడటం మనకు మామూలే. ఈ విషయంలో మన సైకిల్ గ్రూపులో రెండు వర్గాలున్నాయి. ముట్టుకోవద్దు, పోగొట్టుకున్నవాళ్లు వెతుక్కుంటూ వస్తారనేది ఒకరి మాట. హైవే మీద వదిలేస్తే లారీ కింద నలిగిపోతుంది, తీసుకోవడమే నయమనేది రెండోవారి మాట. చట్టం తెలిసినవాళ్లు, అనుభవం ఉన్నవాళ్లు తేల్చండి.

రింగుపానా:
పర్సుకూ పానాకూ ఒకటే రూలు పెడితె ఎట్లన్నా? 12-13 పానా దొరికిందని స్టేషన్‌కు పోతే రైటర్ మన మొహం దిక్కు చూస్తడు. రోడ్డు మీదనే వదిలేస్తె టైరు ఎక్కి ఎగిరి ఎనక బండోనికి తగుల్తది. తీసేసుడే మంచిది.

ఇవి ఎక్కడ పడ్తయో కూడ చెప్త. స్పీడ్ బ్రేకర్ దాటంగనే, ఫ్లైఓవర్ దిగే కాడ, టోల్ గేటు అవతల, లారీలు ఆపి టైర్లు మార్చుకునే జాగల. బండ్ల గాలికి అన్నీ తెల్లగీత బయటికి కొట్టుకొస్తయి. మనం తొక్కేది గూడ ఆడనే కద. పేలిన లారీ టైర్ల సన్న ఇనుప తీగలు గూడ అదే జాగల ఉంటయి. పానా కోసమని సైకిల్‌ను ఆ చెత్తలకు దించితె ఇంటికి పోయేలోపు పంక్చర్ ఖాయం.

దొరికిన సామాన్ వాడేముందు చూస్కోవాలె. ఓపెన్ పానాను కొత్త నట్టు మీద పెట్టి ఊపుర్రి. ఆడితే దాని మూతి విచ్చుకున్నట్టే, నట్టు మూలలు అరగదీస్తది. బంగీ తాడు సాగదీస్తె లోపల రబ్బరు పోగులు పటపటమన్నయా, పారెయ్యాలె. కొక్కెం విచ్చుకున్నది క్యారియర్‌కు కడితె ఊడొచ్చి స్పోకులల్ల ఇరుక్కుంటది. హెల్మెట్ మాత్రం ఎంత కొత్తగున్నా నెత్తికి పెట్టొద్దు. లోపటి థర్మాకోల్ లాంటి పొర ఒక్కసారి దెబ్బతింటె అయిపాయె, ఆ పగులు బయటికి కనబడది.

సర్వీసురోడ్డు:
అసలు ఆగే పద్ధతి ముందు. గుంపులో వెళ్తూ వస్తువు కనబడగానే బ్రేకు నొక్కితే వెనకవాడు మీదికొచ్చేస్తాడు. చెయ్యి చూపించి, పది పదిహేను మీటర్లు ముందుకెళ్లి, తారు దిగి ఎడమ మట్టిలో సైకిల్ పెట్టాలి. వెనక లైటు ఆపకూడదు. అక్కణ్నించి ఎదురొచ్చే బళ్లను చూసుకుంటూ నడిచి రావాలి. తెల్లగీత లోపల, బళ్లు పోయే వరసలో పడింది ఏదైనా సరే దాని జోలికి వెళ్లొద్దు. జాతీయ రహదారి అయితే 1033కి ఫోన్ చేస్తే గస్తీ బండి వచ్చి తీయిస్తుంది.

ఇక వదలాలా తీయాలా అన్నది చోటును బట్టి ఉంటుంది. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ ఉంది కదా. అక్కడ పడేవి సీసాలు, గ్లవ్స్, వెనక లైట్లు, తాళంచెవులు. పోగొట్టుకున్నవాడూ సైకిలిస్టే, అదే దారిన తిరిగొస్తాడు. పక్కకు జరిపి, కళ్లకు కనబడే ఎత్తులో పెట్టి వెళ్లిపోవడమే మంచిది. మీరు జేబులో వేసుకుని ఇంటికెళ్లి ఫొటో పెడితే, ఆయన ట్రాకంతా ఊరికే తిరుగుతాడు.

విజయవాడ హైవే సంగతి వేరు. కారు పైనుంచి జారిన బ్యాగు ఎక్కడ పడిందో సొంతదారుకే తెలీదు. అక్కడ తీయాల్సిందే. తీసేముందు కిలోమీటరు రాయితో కలిపి ఫొటో తీయండి. పెద్ద రాళ్ల మధ్య 200 మీటర్లకొక చిన్న రాయి 2, 4, 6, 8 అంకెలతో ఉంటుంది, అదీ పడేట్టు చూడండి. ‘సూర్యాపేట దాటాక ఎక్కడో’ అంటే ఎవరికీ పనికిరాదు.

నల్లకోటు:
చట్టం ఇద్దరి మాటనూ కొంత ఒప్పుకుంటుంది. దొరికిన వస్తువు తీసి తీరాలనే బాధ్యత ఎవరి మీదా లేదు. కానీ ఒకసారి చేతిలోకి తీసుకుంటే 1872 నాటి కాంట్రాక్టు చట్టం 71వ సెక్షన్ ప్రకారం, నమ్మి అప్పగించిన వస్తువును దాచేవాడికి ఉండే బాధ్యతే మీకూ వస్తుంది. తీసి, రెండు కిలోమీటర్లు మోసి, బరువనిపించి పొదలో పడేస్తే అది తప్పే.

క్రిమినల్ వైపు చూస్తే, ఇతరుల వస్తువును అన్యాయంగా సొంతం చేసుకోవడం నేరం. దీనికి పాత ఐపీసీ (భారత శిక్షాస్మృతి) 403వ సెక్షన్ స్థానంలో 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 314వ సెక్షన్ వచ్చింది. శిక్ష ఆరు నెలలకు తగ్గకుండా రెండేళ్ల దాకా, జరిమానా అదనం. పాత చట్టంలోని ఉదాహరణలు చూస్తే మన చర్చకే రాసినట్టుంటాయి. రహదారి మీద ఎవరిదో తెలియని రూపాయి దొరికి తీసుకుంటే నేరం కాదు. విలువైన ఉంగరం దొరికి, సొంతదారు కోసం వెతక్కుండా వెంటనే అమ్మేస్తే నేరం. పర్సు దొరికాక అది ఫలానావారిదని తెలిసి కూడా సొంతానికి వాడుకుంటే నేరం. అంటే వస్తువు ఎంత విలువైనదనేదాని కన్నా, సొంతదారును కనుక్కునే దారి మీకు ఉందా, తగిన ప్రయత్నం చేశారా, తగినంత కాలం ఆగారా అన్నదే అసలు ప్రశ్న.

బహుమతి సంగతి కూడా అడుగుతుంటారు. దాచడానికి, సొంతదారును వెతకడానికి అయిన ఖర్చు ఇచ్చేదాకా వస్తువు మీ దగ్గరే ఉంచుకోవచ్చు, కానీ ఆ ఖర్చు కోసం దావా వేయలేరు. సొంతదారు ఫలానా మొత్తం బహుమతి ఇస్తానని ముందే ప్రకటించి ఉంటే దానికి దావా వేయవచ్చు. ఇది కాంట్రాక్టు చట్టం 168వ సెక్షన్.

సిగ్నల్‌టవర్:
ఫోన్ సంగతి నేను చెబుతాను. లాక్ తీయాల్సిన పని లేదు. ఆండ్రాయిడ్‌లో లాక్ తెర మీద ‘ఎమర్జెన్సీ’ నొక్కితే, సొంతదారు ముందే నింపుకుని ఉంటే ఇంట్లోవాళ్ల నంబరు కనబడుతుంది. ఐఫోన్‌లో ‘మెడికల్ ఐడీ’ చూడాలి. అది లేకపోతే ఫోన్ ఆన్‌లోనే ఉంచి కాల్ కోసం ఆగండి. స్విచ్ ఆఫ్ చేసినా, ఫ్లైట్ మోడ్‌లో పెట్టినా చాలా ఫోన్లలో సొంతదారు మ్యాప్‌లో వెతుక్కునే దారి మూసేసినట్టే. చార్జింగ్ అయిపోతే చార్జింగ్ పెట్టండి. కానీ బండి ఎక్కి వంగినా, వీపు ఉబ్బినా చార్జింగ్ పెట్టొద్దు, వీపు వైపుండే జెర్సీ జేబులోనూ వేసుకోవద్దు. నలిగిన లిథియం బ్యాటరీ అంటుకుంటే వీపు మీదే మంట.

రింగుపానా:
సిమ్ తీసి మన డబ్బా ఫోన్ల ఏస్తె కాల్ వస్తది కద? అది సులువు.

సిగ్నల్‌టవర్:
వద్దన్నా. ఆ నంబరుకు బ్యాంకు ఓటీపీలు వస్తాయి. ఆ గంటలో ఆయన ఖాతాలో ఏదైనా జరిగితే ఆ సిమ్ మీ ఫోన్‌లో ఉన్నట్టు రికార్డు ఉంటుంది. దీనికి తిరగేసి చేసే పని ఇంకా ప్రమాదం, దొరికిన ఫోన్‌లో మీ సిమ్ వేయడం. సొంతదారు ప్రభుత్వ సంచార్ సాథీ పోర్టల్‌లో ఐఎంఈఐ (ఫోన్ గుర్తింపు నంబరు) బ్లాక్ చేసి ఉంటే, అందులో ఏ సిమ్ పడితే ఆ నంబరు వివరాలు పోలీసులకు వెళ్తాయి. మీరు మంచికే చేసినా ముందు ఫోన్ వచ్చేది మీకే.

కాల్ వస్తే వెంటనే ఇంటి అడ్రస్ చెప్పకండి. వాల్‌పేపర్ ఏంటి, కవర్ రంగేంటి, గాజు ఎక్కడ పగిలింది అని అడగండి. టోల్ ప్లాజా దగ్గరో, స్టేషన్ ముందో ఇవ్వండి.

పెడల్‌రాజు:
అందరూ స్టేషన్ అంటున్నారు. దొరికితే దొంగ అన్నట్టు, ఇవ్వడానికి వెళ్లినవాణ్నే కూర్చోబెడతారన్న భయం చాలామందికి ఉంది. దీనికేం చెబుతారు?

నల్లకోటు:
భయం తీరేది కాగితంతోనే. తెల్లకాగితం మీద రెండు ప్రతులు రాయండి. తేదీ, టైము, కిలోమీటరు రాయి నంబరు, వస్తువు వర్ణన, పర్సయితే అందులోని నోట్లు ఎన్ని, ఏ విలువవి, కార్డులేమిటి, మీ పేరు, ఫోన్ నంబరు. ఒక ప్రతి మీద స్టేషన్ ముద్ర, సంతకం తీసుకోండి. పర్సును సాక్షి ముందు తెరిచి, లెక్కపెట్టేటప్పుడు వీడియో తీయడం మంచిది. గస్తీ బండికి ఇస్తే బండి నంబరు రాసుకోండి. ఆధార్, లైసెన్సు ఫొటోలు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి. పేరు, ఊరు చాలు, నంబర్లు వద్దు.

సర్వీసురోడ్డు:
రెండు మినహాయింపులు. హై సెక్యూరిటీ నంబరు ప్లేటు దొరికితే దాన్ని తుక్కు అనుకోవద్దు. ఇంకో బండికి బిగించుకుంటే చలానాలన్నీ అసలు యజమానికి పోతాయి. అది తప్పకుండా స్టేషన్‌లోనే ఇవ్వాలి. రెండోది ఎర. బ్యాంకుల దగ్గర నోట్లు పడేసి దృష్టి మళ్లించే ముఠాలు, ‘బంగారు గొలుసు ఇద్దరికీ దొరికింది, పంచుకుందాం’ అంటూ నకిలీది అంటగట్టే బ్యాచ్ మీకు తెలిసిందే. వస్తువు పక్కనే ఓ మనిషి సిద్ధంగా ఉంటే ఆగకుండా తొక్కేయండి. అనుమానంగా కనబడే మూసి ఉన్న బ్యాగు, డబ్బా అయితే తెరవకుండా 112కి ఫోన్ చేయండి.

ఇక నాలుగు రోడ్ల కూడలిలో నిమ్మకాయల పక్కన పడున్న రూపాయి బిళ్ల, శవయాత్ర దారిలో పేలాలతో కలిపి చల్లిన చిల్లర. ఇవి పోయినవి కావు, కావాలని వదిలేసినవి. నల్లకోటు గారి సెక్షన్లు వీటికి వర్తించవు, అయినా ఎవరూ తీయరనుకోండి.

రింగుపానా:
సరే, నా పానా సంగతి తేల్చుర్రి. సొంతదారును కనుక్కునే దారి ఏడుంది దానికి?

నల్లకోటు:
కొన్నిసార్లు ఉంటుంది. మెకానిక్‌లు పానాల మీద షెడ్డు పేరు పంచ్ కొట్టడమో, పెయింటుతో రంగు పట్టీ వేయడమో చేస్తారు. మీకూ తెలుసు. పేరున్న పానా తేరగా వచ్చింది కాదు. పేరూ గుర్తూ లేని ఒంటరి పానా పాత ఉదాహరణలోని రూపాయి లాంటిదని నేను వాదిస్తాను. ఇంకో వకీలు ఒప్పుకోకపోవచ్చు.

రింగుపానా:
ఒప్పుకున్న. ఒక్క పానాకూ టూల్ సంచికీ ఫరక్ ఉంది. రింగు సెట్టు, సాకెట్లు, కటింగ్ ప్లేయర్ అన్నీ కలిసి ఒకే సంచిల దొరికితె అది ఒకరి తిండి. దగ్గర్ల ఉన్న పంక్చర్ షాపుల, లారీ షెడ్డుల అడగాలె. సంచి అక్కడ ఇచ్చి రావొద్దు, నంబరు మాత్రం ఇయ్యాలె. లోపల ఏమేమున్నయో చెప్పినోనికే సంచి.