థాయ్‌లాండ్ నైట్ మార్కెట్లలో రాత్రి తిండి: అమ్మ శాకాహారి, శనివారం మేమూ నీసు ముట్టం. ఎట్లా?

తిరుచానూరు వాసి:

అందరికీ నమస్తే. జనవరి చివర్లో చెన్నై నుంచి వెళ్తున్నాం. బ్యాంకాక్‌లో 3 రాత్రులు, చియాంగ్ మాయ్‌లో 3 రాత్రులు, అందులో శని, ఆదివారాలు చియాంగ్ మాయ్‌లోనే. హోటల్లో టిఫిన్ ఉంది. రాత్రి భోజనం మాత్రం నైట్ మార్కెట్లలోనే కానిచ్చేద్దామని.

నలుగురం. అమ్మ గుడ్డు కూడా తినదు, శనివారం ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండకూడదు. మా ఆయనా నేనూ చికెన్, చేప తింటాం. బీఫ్, పోర్క్ వద్దు. శనివారం ఇద్దరం నీసు ముట్టం. పాపకి 7 ఏళ్ళు, కారం తినలేదు. మనిషికి రాత్రికి 200 బాత్‌లు సరిపోతాయా? ఏం అడగాలి, ఏం చూసుకోవాలి? ఇండియన్ రెస్టారెంట్ల పేర్లు వద్దు, అవి మ్యాప్‌లో దొరుకుతాయి.

బైరాగిపట్టెడ బ్యాచ్:

200 ధారాళంగా సరిపోతాయి, మార్కెట్ సరిగ్గా ఎంచుకుంటే. సుమారు ధరలు చెప్తున్నా: పాడ్ థాయ్ (వేయించిన నూడుల్స్) 50–80 బాత్‌లు, కోడి చీకు ఒక్కోటి 10–20, సోమ్ తమ్ (పచ్చి బొప్పాయి పచ్చడి) 40–70, అరటిపండు రోటీ 35–60, కోసిన పండ్ల సంచి 20–30, జిగురన్నం పొట్లం 10–15. టూరిస్టుల కోసమే లైట్లు పెట్టి కట్టిన మార్కెట్లో ఇదే ప్లేటు 100 దాటుతుంది, రుచేమీ పెరగదు. బోర్డు మీద థాయ్ అంకెలతో పాటు మామూలు అంకెల్లో కూడా ధర రాసుంటే నిశ్చింత. చేప, రొయ్య బండ్ల దగ్గర మాత్రం ఆగి చదవండి. అక్కడ రాసే ధర చాలాసార్లు ప్లేటుకి కాదు, ఒక "ఖీత్"కి, అంటే 100 గ్రాములకి. 80 అని చూసి పెద్ద చేప చేతిలో పెట్టించుకుంటే బిల్లు 500 దాటుతుంది.

చియాంగ్ మాయ్‌లో శనివారం సంత వువా లాయ్ రోడ్డులో, ఆదివారం సంత థా ఫే గేటు నుంచి రాచదమ్నోన్ రోడ్డు పొడుగునా. ఆదివారం ఆ రోడ్డు మీదున్న గుళ్ళ ఆవరణల్లోకి వెళ్ళండి, తిండి బండ్లన్నీ అక్కడే గుంపుగా ఉంటాయి. సాయంత్రం 6 గంటలకి మైకులో జాతీయ గీతం వస్తుంది. అందరూ ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోతారు, మీరూ నిలబడండి, నములుతూ నడవొద్దు. మిగతా రోజుల్లో చాంగ్ ఫువాక్ గేటు దగ్గర రాత్రి బండ్లు ఉంటాయి. బ్యాంకాక్‌లో చైనాటౌన్ వీధి యావరాత్‌కి మెట్రోలో వాట్ మంగ్‌కోన్ స్టేషన్‌లో దిగాలి. సోమవారం వెళ్ళకండి, చాలా బండ్లు ఉండవు.

నగదు దగ్గర పెట్టుకోండి. బండి మీదుండే క్యూఆర్ వాళ్ళ బ్యాంకులది, మన ఫోన్‌పే గీకితే పనిచేస్తుందని నమ్ముకోవద్దు. 1000 బాత్‌ల నోటు సాయంత్రమే బండివాడికి ఇస్తే చిల్లర దొరకదు, సెవెన్ ఎలెవెన్‌లో నీళ్ళ బాటిల్ కొని ముందే మార్చుకోండి. మన కార్డుతో ఏటీఎంలో తీస్తే ప్రతిసారీ 220 బాత్‌లు, ఒక్కోచోట ఇంకా ఎక్కువ, వాళ్ళ చార్జీ పడుతుంది. రోజూ కొంచెం కొంచెం తీయకుండా ఒకేసారి తీసేయండి.

పలమనేరు పొంగనం:

డబ్బు సంగతి సరే, అసలు తిప్పలు అమ్మగారివి. ఆమె కోసం "వెజిటేరియన్" అనే మాట వాడొద్దక్కా. చాలామంది బండివాళ్ళకి దానర్థం మాంసం ముక్కలు వేయకపోవడం, అంతే. చేపల సాస్ వాళ్ళ లెక్కలో ఉప్పు. "మంగ్‌సవిరత్" అనే థాయ్ మాట ఉంది, కానీ అందులో గుడ్డు, పాలు ఉండొచ్చు. మీకు కావాల్సింది "చే". ఇంగ్లీషు అక్షరాల్లో దాన్ని జే లాగా రాస్తారు. చైనా బౌద్ధుల నుంచి వచ్చిన నియమం అది: మాంసం, చేప, గుడ్డు, పాలు ఉండవు, ఉల్లి, వెల్లుల్లి, ఉల్లికాడ కూడా ఉండవు. మన నైవేద్యం వంటకి దగ్గర, కాబట్టి శనివారానికీ పనికొస్తుంది. పసుపు జెండా, దాని మీద ఎర్ర అక్షరాలు, దూరం నుంచి 17 అంకె లాగా కనిపిస్తుంది. అది కనిపించిన బండి దగ్గర "కిన్ చే" అంటే చాలు.

ఒక హెచ్చరిక. చే బండి మీద పంది మాంసం, బాతు, చేప లాంటివి ఆకారంతో సహా కనిపిస్తాయి. అన్నీ సోయా, గోధుమ బంకతో చేసినవే. ముందే చెప్పకపోతే అమ్మగారు చూసి వెనక్కి తిరిగేస్తారు. సెప్టెంబరు, అక్టోబరుల్లో 9 రోజుల చే పండగప్పుడు ఈ జెండాలు వీధివీధినా ఉంటాయి. జనవరిలో వెతుక్కోవాలి. హోటల్లో దిగగానే మ్యాప్‌లో దగ్గర్లోని చే కొట్లు గుర్తు పెట్టుకోండి. వాటిలో చాలా వరకు సాయంత్రం పెందలాడే మూసేస్తాయి కాబట్టి ఒక పొట్లం కట్టించుకుని సంతకి తీసుకెళ్ళడమే మేలు.

తిరుచానూరు వాసి:

థాంక్సండీ. చే బండి దొరక్కపోతే మామూలు పాడ్ థాయ్ బండి దగ్గర "చేపల సాస్ వద్దు, ఎండు రొయ్యలు వద్దు" అని చెప్పి చేయించుకోవచ్చా? కళ్ళ ముందే చేస్తారు కదా.

పలమనేరు పొంగనం:

కుదరదు. కళ్ళ ముందు చేసేది వేయించడం ఒక్కటే, సాస్ ఇంట్లోనే కాచి తెస్తారు. చింతపండు గుజ్జు, తాటి బెల్లం, చేపల సాస్ మూడూ కలిపి ఉడికించిన పులుసు అది. మీరు వద్దంటే పైన అదనంగా పోసేది ఆపుతారు, సీసాలో ఉన్నదాన్ని విడదీయలేరు కదా. ఆకుకూర వేపుడు అడిగితే, తూటికూర లాంటిది చాలా బాగుంటుంది, అందులో ఆల్చిప్పల సాస్ (ఆయిస్టర్ సాస్) పడుతుంది. సోమ్ తమ్ అంటే పచ్చి బొప్పాయి దంచిన పచ్చడి, మట్టి రోట్లో చెక్క రోకలితో దంచుతారు. ఆ రోలు కడగకుండా ముందు ఆర్డర్ తర్వాత మీది వేస్తారు, పులిసిన చేప నీళ్ళు దానికి అంటుకునే ఉంటాయి. అమ్మగారికి ఈ మూడూ వదిలేయండి.

నూడుల్స్ బల్ల మీద 4 డబ్బాలుంటాయి: పంచదార, ఎండుమిరప పొడి, మిరపకాయలు వేసిన వెనిగర్, మిరపకాయలు వేసిన చేపల సాస్. మొదటి మూడూ ఆమెకి ఫర్వాలేదు.

బైరాగిపట్టెడ బ్యాచ్:

మీకూ మీ ఆయనకీ ఒక మాట. చికెన్ నూడుల్స్ అని అడిగినా చారు చాలా చోట్ల పంది ఎముకలదే, పైన కోడి ముక్కలు వేస్తారంతే. ఆ బెడద లేకుండా కావాలంటే హలాల్ బోర్డున్న బండి చూడండి, కానీ అక్కడ బీఫ్ ఉండొచ్చు, అది విడిగా అడగాలి. "లూక్ చిన్" అనే ఉండలు చేపవి, పందివి, బీఫ్‌వి ఒకే రంగులో ఉంటాయి. చియాంగ్ మాయ్‌లో చుట్టలా కాల్చే సాసేజ్ పందిది. ఖావ్ మన్ కై, అంటే కోడి చారుతో వండిన అన్నం, మీకు సరిపోతుంది. పక్కన నల్లటి గడ్డ పెడితే కంగారు పడకండి, అది గడ్డకట్టిన కోడి నెత్తురు, మన నల్ల లాంటిదే. ఇష్టం లేకపోతే పక్కన పెట్టేయొచ్చు.

ఇంకోటి. ఫత్ కఫ్రావ్ అనే వేపుడులో పడే ఆకు మన తులసే, పోలిక కాదు, అదే జాతి మొక్క. కైమాతో కలిపి వేయిస్తారు. ఇంట్లో తులసి కోట ఉన్నవాళ్ళకి కొందరికి ఇది గొంతు దిగదు, తెలిసి అడగండి.

అలిపిరి మెట్లు:

మాటల గురించి ఎవరూ చెప్పలేదు. ఇంగ్లీషు అక్షరాల్లో చూసి నేర్చుకుంటే తప్పుతారు, తెలుగులో రాసుకుని చదవండి. "కై" అంటే కోడి, "ఖై" అంటే గుడ్డు. స్వరం రెండింటికీ ఒకటే, తేడా అంతా ఒత్తులోనే. అట్లే "ఫెత్" అంటే కారం, "పెత్" అంటే బాతు. పాప కోసం "మై పెత్" అన్నారనుకోండి, బాతు వద్దని చెప్పినట్టు, కారం మాత్రం పడిపోతుంది. మన మాటల్లో ఒత్తులు మింగేసే అలవాటు ఉండాది, ఇక్కడ మింగొద్దు. ఫ అంటే పెదవి కొరికే ఫ కాదు, ప మీద గట్టిగా గాలి వదలాలి.

రాసుకోండి: మై సై ఖై, గుడ్డు వేయొద్దు. మై సై నామ్ ప్లా, చేపల సాస్ వేయొద్దు. మై కిన్ మూ, పంది తినం. మై కిన్ నుఆ, బీఫ్ తినం. థావ్ రై, ఎంత. చివర మగవాళ్ళు "ఖ్రప్", ఆడవాళ్ళు "ఖా" చేర్చాలి.

కారం సంగతి: "మనకి కారం లెక్కా" అనుకుని సోమ్ తమ్‌లో మిరపకాయలు ఎక్కువ వేయించుకోవద్దు. మన కారం నూనెలో మగ్గి అన్నంలో కలుస్తుంది. అక్కడ చిన్న పచ్చిమిరపకాయలు పచ్చిగా దంచి నిమ్మరసంతో ఇస్తారు, నాలుకని నేరుగా పట్టుకుంటుంది. మొదటిసారి ఒక కాయ చాలు. పక్కన జిగురన్నం ఉండాలి, దాన్ని చేత్తో ఉండచేసి అద్దుకుని తింటారు. "పూ" అంటే ఉప్పులో ఊరేసిన పచ్చి పీత, "ప్లా రా" అంటే పులియబెట్టిన చేప. ఉడికించని ప్లా రాలో కాలేయానికి పట్టే పురుగులు ఉండే ప్రమాదం ఉంది, ఆ రెండూ వద్దని చెప్పి "సోమ్ తమ్ థాయ్" అడగండి. అందులో వేరుశెనగలు, ఎండు రొయ్యలు వేస్తారు.

చిత్తూరు తోతాపురి:

పాపకీ అమ్మగారికీ కలిపి సులువైనది ఖనోమ్ క్రోక్. అచ్చం మన గుంత పొంగనాల పెనమే, పిండి మాత్రం బియ్యప్పిండి, కొబ్బరి పాలు. కింద ఉప్పటి పిండి పోసి, పైన తియ్యటి కొబ్బరి పాలు పోస్తారు. 30–40 బాత్‌లకి ఒక డబ్బా. పైన జొన్నపొత్తు గింజలు, చేమదుంప ముక్కలు, ఉల్లికాడ వేస్తారు. శనివారం ఉల్లికాడ లేనివి వేలితో చూపించి తీసుకోండి. పైన గట్టిపడినా లోపల కొబ్బరి పాలు సలసలా కాగుతుంటాయి, పాపకి 5 నిమిషాలు ఆరబెట్టి ఇవ్వండి, లేకుంటే అంగిలి కాలుతుంది.

మామిడి జిగురన్నం అమ్మగారు తినొచ్చు: కొబ్బరి పాలు, చక్కెర, ఉప్పు, పైన పెసరపప్పు. అసలు సీజన్ మార్చి నుంచి జూన్. జనవరిలో దొరుకుతుంది గానీ ధర ఎక్కువ, పండు చప్పగా ఉండొచ్చు. నామ్ దోక్ మాయ్ రకం వాసన చూసి కొనండి. పుల్ల మామిడి ముక్కలతో రెండు రకాల నంజుడు ఇస్తారు. బెల్లం పాకంలా చిక్కగా నల్లగా ఉన్నదాంట్లో చేపల సాస్, ఎండు రొయ్యలు ఉంటాయి. ఉప్పు, కారం, చక్కెర కలిపిన పొడి తీసుకోండి.

అరటి రోటీ బండి దగ్గర గుడ్డు వద్దన్నా, అదే పెనం మీద గుడ్డు రోటీలు చేస్తారు, పిండిలోనే గుడ్డు కలిపేవాళ్ళూ ఉన్నారు. అమ్మగారికి వద్దు. కాల్చిన చిలగడదుంప, ఉడికించిన వేరుశెనక్కాయలు, జొన్నపొత్తు, కొబ్బరి బోండాం ఏ సంతలోనైనా ఉంటాయి.

ఐసు చూసేటప్పుడు మధ్యలో గుండ్రటి రంధ్రమున్న గొట్టాల ముక్కలైతే ఫ్యాక్టరీవి, ఫర్వాలేదు. దిమ్మని పగలగొట్టిన పొడి ఐసు వదిలేయండి. చీకులు ముందే కాల్చి పేర్చినవి కాకుండా, అడిగాక మళ్ళీ నిప్పుల మీద పెట్టి లోపలిదాకా వేడెక్కించేవి తీసుకోండి. సాయంత్రం 5.30కల్లా వెళ్తే నూనె కొత్తగా ఉంటుంది, కూర్చోడానికి చోటూ దొరుకుతుంది. పుల్లలు, ఖాళీ డబ్బాలు వేయడానికి చెత్తబుట్టలు దాదాపు కనిపించవు, కొన్న బండి దగ్గరే తిరిగి ఇచ్చేయండి.