ట్రంకు రోడ్డు మీద చిన్న కాఫీ షాపు: లోపల ప్రశాంతంగా ఉండాలంటే ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు. ట్రంకు రోడ్డు మీద 10 అడుగుల వెడల్పు, 18 అడుగుల లోతున్న షాపు అద్దెకు తీసుకున్నాను. పెట్టేది ఫిల్టర్ కాఫీ ఒక్కటే, 8 మంది కూర్చుంటే చాలు. బయట బస్సులు, ఆటోల హారన్లు ఎలా ఉంటాయో ఊరు తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. లోపలికొచ్చిన మనిషికి మాత్రం ప్రాణం కుదుటపడినట్టు ఉండాలి.

మేస్త్రీ నేలకీ, గోడలకీ, కౌంటరుకీ అన్నిటికీ చీమకుర్తి గ్రానైట్ వేద్దామంటున్నాడు. నల్లరాయిలో ఆ మెరుపు చుక్కలు నాకూ ఇష్టమే. కానీ చిన్న గదిలో అంతా నున్నటి రాయి, గాజే అయితే దవరా కింద పెట్టినా ఖంగుమంటుంది, నలుగురు మాట్లాడితే సంతలా ఉంటుంది. అందుకే రాయి కౌంటరు వరకే ఉంచి, గోడలకు కొబ్బరిపీచు చాపలు కొట్టించాలనుకుంటున్నాను. చెంచాలు ఉదయగిరి చెక్కవి, అందులో రెండో మాట లేదు.

నా అనుమానాలు ఇవీ. మనకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కదా, ఆ తేమకు, కాఫీ ఆవిరికి పీచు చాపలు బూజు పడతాయా? షాపు పడమటి ముఖం. మే నెల సాయంత్రపు ఎండ ఆగేలా, లోపల మరీ చీకటి కాకుండా ముందు ఏం కట్టాలి? రోడ్డు హోరుకు ఒక మందపాటి గాజు తలుపు సరిపోతుందా, లేక మూడడుగులు వదిలి రెండో తలుపు కూడా పెట్టాలా? ఉన్న జాగాలో మూడడుగులంటే రెండు కుర్చీలు పోయినట్టే. ఇలాంటి షాపు కట్టించినవాళ్లుంటే దయచేసి చెప్పండి.