హంగరీ 1956: మ్యూనిక్ రేడియో మాట ఇచ్చిందా? నాటో ఎందుకు కదల్లేదు?

మాధవి (అశోక్‌నగర్, హైదరాబాద్):
గ్రూప్-1కి ప్రపంచ చరిత్ర చదువుతున్నాను. రెండు చోట్ల ఆగిపోయాను. అమెరికా, పశ్చిమ యూరప్ దేశాల సైనిక కూటమి నాటో 1949 ఏప్రిల్‌లో వచ్చింది, దానికి పోటీగా సోవియట్ కూటమి వార్సా ఒప్పందం 1955 మేలో. మధ్యలో ఆరేళ్లు సోవియట్ యూనియన్ ఎందుకు ఊరుకుంది? రెండోది: 1956లో సోవియట్ పెత్తనం మీద హంగరీలో వచ్చిన తిరుగుబాటును మ్యూనిక్‌లోని అమెరికా రేడియో, అదే రేడియో ఫ్రీ యూరప్, రెచ్చగొట్టిందని ఒక పుస్తకంలో ఉంది, దానికీ రేడియోకీ సంబంధమే లేదని ఇంకో దాంట్లో ఉంది. మార్కుల సంగతి పక్కన పెట్టండి, అసలు ఏం జరిగిందో తెలుసుకోవాలని ఉంది.

కిరణ్:
మొదటిది నేను చెప్తానండీ. ఊరుకోవడం కాదు, అవసరం పడలేదు. తూర్పు యూరప్ దేశాలతో మాస్కోకి విడివిడిగా ఒప్పందాలు ముందే ఉన్నాయి, సైన్యాలూ చాలాచోట్ల ఉన్నాయి. 1955 మే 9న పశ్చిమ జర్మనీ నాటోలో చేరింది. యూరప్‌లో రెండో ప్రపంచ యుద్ధం ముగిసి సరిగ్గా పదేళ్లు! ఐదు రోజులకే, మే 14న, వార్సాలో ఎనిమిది దేశాలు సంతకాలు పెట్టాయి.

ఆ మర్నాడు ఏం జరిగిందో కూడా చూడండి. మే 15న ఆస్ట్రియా నుంచి నాలుగు దేశాల (అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్, సోవియట్) సేనలూ వెళ్లిపోయేలా ఒప్పందం కుదిరింది. 1947 శాంతి ఒప్పందంలో, ఆస్ట్రియాలోని తమ సేనలకు దారి కాపాడుకోవాలన్న కారణంతోనే సోవియట్ సైన్యం హంగరీలో ఉండిపోయింది. ఆస్ట్రియా ఖాళీ అయితే ఆ కారణం పోతుంది. కొత్త కారణం, అదే వార్సా ఒప్పందం, ఒకరోజు ముందే తయారైంది.

రంగారావు (దివిసీమ):
అమ్మా మాధవీ, రేడియో సంగతి నేను చెప్తాను. 1975 నుంచి షార్ట్‌వేవ్ వింటున్నాను. డాబా మీద రాగి తీగ కట్టి, రాత్రి తొమ్మిది దాటాక ముల్లు మెల్లిగా తిప్పుతూ కూర్చునేవాణ్ణి. రేడియో మాస్కో ఇంగ్లీషు ఎక్కడ పెట్టినా తగిలేది. రాసిన ఉత్తరానికల్లా కార్డు పంపేవాళ్లు. కొన్ని చోట్ల మాట వినపడదు, రంపంతో కర్ర కోస్తున్నట్టు ఒకటే గరగర. అవతలివాళ్ల స్టేషన్ వినపడకుండా ఆ శబ్దం కావాలనే పంపుతారని తర్వాత తెలిసింది. సోవియట్లు 1948లో మొదలుపెట్టి, మధ్యమధ్య ఆపుతూ, 1988 దాకా ఈ పని చేశారు. ఒక గొంతును ఆపడానికి నలభై ఏళ్లు కరెంటు తగలేశారంటే ఆ గొంతంటే వాళ్లకెంత భయమో చూడు.

రేడియో ఫ్రీ యూరప్ 1950 జులై 4న మొదలైంది. ఆఫీసు మ్యూనిక్‌లో. ప్రజల చందాలతో నడుస్తోందని చెప్పేవాళ్లు గానీ, 1971 దాకా అసలు డబ్బు అమెరికా గూఢచారి సంస్థ సీఐఏది. ప్రసారాలకి ట్రాన్స్‌మిటర్లు పోర్చుగల్‌లో కూడా పెట్టారు. అంత దూరం ఎందుకంటే షార్ట్‌వేవ్ పైకి పోయి, ఆకాశంలోని పొరకు తగిలి దూరాన దిగుతుంది. మ్యూనిక్ నుంచి పంపితే చాలాసార్లు బుడాపెస్ట్ తల మీదుగా దాటిపోతుంది. మాట్లాడేవాళ్లు మాత్రం దేశం వదిలి వచ్చిన హంగేరియన్లే. ఇంటి యాస, ఇంటి సామెతలు. వినేవాడికి అది అమెరికా గొంతులా ఉండదు, పారిపోయిన మేనమామ గొంతులా ఉంటుంది.

1956 అక్టోబర్ 23న గొడవ మొదలైంది కూడా బుడాపెస్ట్ రేడియో భవనం దగ్గరే. విద్యార్థులు తమ 16 డిమాండ్లు చదివి వినిపించమన్నారు, లోపలున్న రహస్య పోలీసులు కాల్చారు. ఆ జనాన్ని మ్యూనిక్ పంపలేదు. కడుపు మండి వాళ్లే వచ్చారు. కాబట్టి 'రేడియో రెచ్చగొట్టింది' అన్న ఒక్క ముక్కతో తేల్చేస్తే చచ్చిపోయినవాళ్లకి అన్యాయం చేసినట్టే.

కానీ తర్వాతి పది రోజుల్లో మ్యూనిక్ చేసింది నేను క్షమించలేను. 'కల్నల్ బెల్' అనే మారుపేరుతో ఒకాయన రేడియోలో సాయుధ పోరాటం ఎలా సాగించాలో సలహాలు చెప్పాడు. నవంబర్ 4 తెల్లవారుజామున సోవియట్ ట్యాంకులు దిగాయి. అదే రోజు ఆ రేడియో లండన్ పత్రిక అబ్జర్వర్‌లోని కథనాన్ని చదివింది. హంగేరియన్లు మూడు నాలుగు రోజులు నిలబడితే సైనిక సాయం పంపమని అమెరికా ప్రభుత్వం మీద వచ్చే ఒత్తిడి ఆగదని దాని సారాంశం. పత్రికలో ఉన్నదే చదివారు, నిజమే. వీధిలో తుపాకీ పట్టుకున్న పంతొమ్మిదేళ్ల కుర్రాడు దాన్నెలా వింటాడు?

అప్పటికి వారం ముందే, అక్టోబర్ 27న, అమెరికా విదేశాంగ మంత్రి డల్లెస్ డల్లాస్ సభలో హంగరీ లాంటి ఈ తూర్పు యూరప్ దేశాలను తాము సైనిక మిత్రులుగా చూడటం లేదని చెప్పేశాడు. మాస్కోకి వినపడాలనే చెప్పాడు. ఒకరి మీద దాడి అందరి మీదా దాడే అనే నాటో ఐదో అధికరణం సభ్యదేశాలకే వర్తిస్తుంది, హంగరీ సభ్యదేశం కాదు. పైగా ఆ వారమే బ్రిటన్, ఫ్రాన్స్ ఈజిప్టులో సూయెజ్ కాలువ కోసం యుద్ధానికి దిగి అమెరికాతో చెడగొట్టుకున్నాయి. మాస్కోకి ఒక మాట, బుడాపెస్ట్‌కి ఇంకో మాట చేరాయమ్మా.

దీని మీద నాకింత కోపం ఎందుకో కూడా చెప్తాను. 1977 నవంబర్ 19 ఉప్పెన తర్వాత మా ఊళ్లో బతికున్న ట్రాన్సిస్టర్ ఒక్కటే, మాది. చుట్టూ నలభై మంది కూర్చునేవాళ్లు. 'సహాయ చర్యలు ముమ్మరంగా సాగుతున్నాయి' అని వార్తల్లో వచ్చేది. అబద్ధం కాదు, ఎక్కడో సాగుతూనే ఉండుంటాయి. మేం విన్నది మాత్రం 'మీ దగ్గరికి వస్తున్నారు' అని. మా పెదనాన్న రెండు రోజులు గట్టు మీదే నిలబడి చూశాడు. మూడో రోజు దాకా ఎవరూ రాలేదు.

సలీం (గుంటూరు):
రంగారావు గారూ, మన దేశం సంగతి కూడా చెప్పాలి కదండీ. నవంబర్ 9న ఐక్యరాజ్యసమితిలో, సోవియట్ సేనలు వెళ్లిపోవాలి, సమితి పర్యవేక్షణలో ఎన్నికలు జరగాలి అన్న తీర్మానానికి సోవియట్ కూటమితో పాటు మనమూ వ్యతిరేకంగా ఓటేశాం. సమితిలో మన ప్రతినిధి కృష్ణమీనన్ వేసిన ఆ ఓటుకి నెహ్రూ దేశంలోనే చాలా మాటలు పడ్డారు.

రంగారావు (దివిసీమ):
నిజం బాబూ. బయటివాళ్ల పర్యవేక్షణలో ఎన్నికలు అనగానే మనవాళ్లకి కశ్మీర్ గుర్తొచ్చింది. ఆ భయం నాకు అర్థమవుతుంది. ఆ ఓటు మాత్రం నాకు మింగుడుపడలేదు.

మాధవి:
సర్, చాలా థాంక్స్. హంగరీ ప్రధాని ఇమ్రె నాజ్ సంగతి ఏమైంది? వార్సా ఒప్పందం నుంచి బయటికి వస్తున్నామని ఆయనే కదా ప్రకటించింది?

రంగారావు (దివిసీమ):
అవునమ్మా, నవంబర్ 1న. 4న ఉదయం 5 గంటల 20 నిమిషాలకు బుడాపెస్ట్ రేడియోలో సోవియట్ దాడి సంగతి చెప్పి, యుగోస్లావియా రాయబార కార్యాలయంలో తలదాచుకున్నాడు. ఆ తర్వాత రచయితల సంఘం తరఫున సాయం కోరుతూ ఒక విన్నపం చదివారు. ఎనిమిది దాటాక ఆ స్టేషన్ మూగబోయింది. ఆయన్ని ఏమీ చెయ్యం అని సోవియట్లు నిలబెట్టిన కొత్త ప్రభుత్వం రాతపూర్వకంగా హామీ ఇచ్చింది. దాన్ని నమ్మి నవంబర్ 22న నాజ్ బయటికి వస్తే సోవియట్లు పట్టుకుని రుమేనియా తీసుకెళ్లారు. 1958 జూన్ 16న ఉరితీశారు.

1989లో అదే తేదీన బుడాపెస్ట్ హీరోస్ చౌక్‌లో ఆరు శవపేటికలు పెట్టారు. ఐదు నాజ్‌వి, ఆయనతో పోయినవాళ్లవి. ఆరోది ఖాళీ, పేరు తెలియకుండా పోయిన కుర్రాళ్లందరి కోసం.