నాలుగు బ్రాంచీలకు స్టాటిక్ రూట్లు చాలవా?

విజయవాడ_నెట్‌వర్క్:
హెడ్డాఫీసు, నాలుగు బ్రాంచీలు. ఒక్కో బ్రాంచికి ఫైబర్ లైను, బ్యాకప్‌గా 4జీ మీద టన్నెల్ (ఇంటర్నెట్ మీదుగా వేసిన ప్రైవేటు దారి). గేట్‌వేలో (హెడ్డాఫీసు రూటర్‌లో) బ్రాంచికి రెండేసి స్టాటిక్ రూట్లు, అంటే ఏ ప్యాకెట్ ఏ దారిలో పోవాలో చేత్తో రాసే లైన్లు, రాశాను. ఆడిట్‌కి వచ్చినాయన ఓఎస్‌పీఎఫ్‌కి (రూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకుని దారులు తామే ఎంచుకునే ప్రోటోకాల్) మారమంటున్నారు. ఎనిమిది లైన్లు చదివితే ఏ ప్యాకెట్ ఎటు పోతుందో తెలిసిపోతుంటే ఇంకో ప్రోటోకాల్ ఎందుకండీ?

తిరుపతి_సపోర్ట్:
మారండి. అవతలి రూటర్ బతికుందో లేదో స్టాటిక్ రూటుకి తెలీదు. మా దగ్గర జరిగిందే చెబుతాను. గేట్‌వే పోర్టు మీడియా కన్వర్టర్‌కి (ఫైబర్‌ని మామూలు నెట్‌వర్క్ కేబుల్‌కి కలిపే పెట్టె) కలిపి ఉంది. ఊరి బయట జేసీబీ తవ్వకంలో ఫైబర్ తెగింది. కన్వర్టర్‌కి కరెంటు ఉంది కాబట్టి గేట్‌వే పోర్టు మీద పచ్చ లైటు అలాగే వెలుగుతోంది. పోర్టు అప్‌లో ఉన్నంతసేపూ రూటు టేబుల్‌లోంచి పోదు కదా! పక్కనే బ్యాకప్ ఖాళీగా ఉన్నా ప్యాకెట్లన్నీ తెగిన లైనులోకే పోయాయి. రెండు గంటలు బిల్లింగ్ ఆగింది. ఓఎస్‌పీఎఫ్ అయితే ఈథర్నెట్ మీద మామూలుగా 10 సెకన్లకోసారి హలో అనే చిన్న సందేశం పంపుతుంది. 40 సెకన్లు అవతలి హలో వినపడకపోతే ఆ దారి వదిలేస్తుంది.

విజయవాడ_నెట్‌వర్క్:
దానికి ట్రాకింగ్ ఉందండీ. బ్యాకప్ రూటుకి డిస్టెన్స్ 200 ఇచ్చాను (ఈ అంకె తక్కువున్న రూటునే రూటర్ వాడుతుంది). అసలు రూటుని ఐపీ ఎస్ఎల్ఏ పింగ్‌కి (అవతలి కొస పలుకుతోందా అని రూటర్ తనే పదేపదే చేసే పరీక్ష) కట్టాను. పింగ్ ఆగితే అసలుది తప్పుకుంటుంది, బ్యాకప్ ఎక్కుతుంది. పైగా నాది ఉత్త ఐపీసెక్ (ప్యాకెట్లని గుప్తీకరించి పంపే) టన్నెల్, అందులో ఓఎస్‌పీఎఫ్ మల్టీకాస్ట్ హలోలు (ఒకేసారి పలు రూటర్లకి పంపేవి) పోవు. వాటిని మోయడానికి జీఆర్ఈ అనే ఇంకో టన్నెల్ కూడా వేయాలి.

హైదరాబాద్_నైట్‌షిఫ్ట్:
ఇద్దరూ వెళ్లే దారి గురించే మాట్లాడుతున్నారు. తిరిగొచ్చే దారి సంగతేంటి? హెడ్డాఫీసు గేట్‌వే 4జీకి మారింది, బ్రాంచి రూటర్ మాత్రం ఇంకా ఫైబర్ మీదే జవాబు పంపుతోంది అనుకోండి. ఆ జవాబు చేరదు. ఫైబర్ ఒక వైపే దెబ్బతిని జవాబు చేరినా, దారిలోని ఫైర్‌వాల్ మొదటి ప్యాకెట్‌ని చూడలేదు కాబట్టి పడేస్తుంది. ట్రాకింగ్ రెండు కొసల్లోనూ ఉండాలి. అంటే నాలుగు చోట్ల కాదు, ఎనిమిది చోట్ల. నా మట్టుకు, ఒకే లైను ఉన్న బ్రాంచికి స్టాటిక్ చాలు. రెండు లైన్లుంటే జీఆర్ఈ వేసైనా ఓఎస్‌పీఎఫ్ పెడతాను. ఒక హెచ్చరిక: మారాక పాత స్టాటిక్ లైన్లు తీసేయండి. సిస్కోలో స్టాటిక్ డిస్టెన్స్ 1, ఓఎస్‌పీఎఫ్‌ది 110. మర్చిపోయిన ఒక్క లైను ఓఎస్‌పీఎఫ్ చెప్పిన దారిని పక్కకి నెట్టేస్తుంది.

విజయవాడ_నెట్‌వర్క్:
ఇప్పుడే తెనాలి బ్రాంచి రూటర్‌లోకి వెళ్లి చూశాను. అక్కడ ట్రాక్ లేదు, హెడ్డాఫీసు వైపు మాత్రమే పెట్టాను. ఇన్నాళ్లూ గేట్‌వే పోర్టు కేబుల్ పీకి, గేట్‌వేలో రూటు మారిందా అని మాత్రమే చూసేవాణ్ణి, అందుకే అంతా బాగున్నట్టు కనిపించింది. ఆదివారం కన్వర్టర్ వెనక ఫైబర్ పీకి చూస్తాను.