ఆర్ట్ క్లాసులో "ఏం నేర్చుకున్నాను" అని రాయమంటే అసలేం రాయాలి?

మసకగీత:
హైదరాబాద్‌లో ఫౌండేషన్ ఆర్ట్ కోర్సు పూర్తి కావస్తోంది. పెన్సిల్‌తో స్టిల్ లైఫ్ (బల్ల మీద పెట్టిన వస్తువులు చూసి గీయడం), నీటిరంగులు, చివర్లో చార్మినార్ దగ్గర అవుట్‌డోర్ స్కెచింగ్ చేయించారు. పోర్ట్‌ఫోలియోతో పాటు 300 పదాల్లో "నేను నేర్చుకున్నది" రాసివ్వాలట. "పరిశీలన పెరిగింది, ఓపిక వచ్చింది, షేడింగ్ మెరుగైంది" దగ్గరే కలం ఆగిపోతోంది. షీట్లన్నీ ఉన్నాయి, పాడైనవి కూడా. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

చెంబూకుండా:
పాడైనవి పారేయలేదు కదా, సగం పని అయిపోయినట్టే. గుర్తున్నది రాస్తే ఎవరు రాసినా ఒకేలా ఉంటుంది. ఒకే రకం వస్తువున్న, చెంబు అనుకుందాం, మొదటి షీటు, చివరి షీటు గోడకి పక్కపక్కన అంటించి ఆరడుగుల దూరం నుంచి చూడండి.

ముందు చెంబు మూతి. తొలి షీట్లో ఎలిప్స్ (గుండ్రటి మూతి పక్క నుంచి చూస్తే కనిపించే అండాకారం) రెండు కొసలూ నిమ్మకాయ మొనల్లా ఉంటాయి, దాదాపు అందరికీ ఇంతే. అడుగు మాత్రం స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా ఉంటుంది. చెంబు బల్ల మీద చదునుగా కూర్చుందని ముందే తెలుసు కాబట్టి కనిపించేది వదిలేసి తెలిసింది గీసేస్తాం. నిజానికి కంటి మట్టం నుంచి ఎంత కిందికి పోతే ఎలిప్స్ అంత విచ్చుకుంటుంది. మూతి కంటే అడుగు వంపే ఎక్కువ ఉండాలి.

తర్వాత టోన్, అంటే ఎంత తెలుపు, ఎంత నలుపు అన్నది. రెండు షీట్లనీ ఫోన్లో ఫొటో తీసి బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చండి. తెలుపు నుంచి నలుపు దాకా 5 మెట్లు అనుకుంటే, మొదటి షీట్లో మధ్య రెండు మెట్లే కనిపిస్తాయి. చాలాసార్లు కారణం హెచ్‌బీ పెన్సిలే. ఎంత నొక్కినా కాగితానికి గాడి పడి మెరుస్తుందే తప్ప నల్లబడదు. నీడల్లోకి మెత్తగా, నల్లగా గీసే 4బీ, 6బీ పెన్సిళ్లు వచ్చాక ఏం మారిందో రాయండి. నీడవైపు అంచున కనిపించే ప్రతిఫలించిన వెలుతురును వెలుగువైపు కంటే తెల్లగా వదిలేశారేమో కూడా చూసుకోండి, చెంబు గుండ్రంగా అనిపించకపోవడానికి ఎక్కువగా అదే కారణం.

ఇక "షేడింగ్ మెరుగైంది" కొట్టేసి ఇలా రాయొచ్చు: "మొదటి షీట్లో చెంబు నీడ, బల్ల మీద పడ్డ నీడ ఒకే టోన్‌లో వేశాను. చెంబు బల్లకి ఆనే చోట 6బీతో సన్నగా నలుపు పెట్టాక వస్తువు గాల్లో తేలడం పోయింది."

తడికాగితం:
పైదంతా సరే. నీటిరంగుల షీట్లను మాత్రం మొదటిది, చివరిది అని పోల్చి లాభం లేదు. కాగితం, ఎండ, ఫ్యాను, ఇన్ని మారిపోయాక ఏది మీ చెయ్యో ఏది వాతావరణమో తేలదు. ప్రతి మరకకీ కారణం వెతకండి.

వాష్‌లో (పలచటి రంగు పూతలో) కాలీఫ్లవర్ అంచుల మరక ఉందంటే, సగం ఆరిన రంగు మీద అంతకంటే ఎక్కువ నీళ్లున్న బ్రష్ పెట్టారన్నమాట. ఆ నీళ్లు రంగును పక్కకి నెట్టి అంచున పోగేస్తాయి. ఆకాశం మధ్యలో గట్టి గీతలు పడితే సీలింగ్ ఫ్యాను చూడండి. మన మే నెల ఎండకి ఫ్యాను కూడా తోడైతే వాష్ కింది దాకా లాగేలోపే పై అంచు ఆరిపోతుంది. బోర్డు కింద ఒక పుస్తకం పెట్టి కాస్త వాల్చి, ముందే ఎక్కువ రంగు కలిపి పెట్టుకుంటే తడి అంచు ఆరకుండా కిందికి దిగుతుంది. రంగు చారలుగా, గుంటల్లో నిలిచిందంటే కాగితం అలలు తిరిగిందని అర్థం. 200 జీఎస్‌ఎం (చదరపు మీటరుకి గ్రాముల్లో బరువు) కాగితాన్ని తడిపి బోర్డుకి గమ్ టేపుతో బిగించకపోతే అంతే, 300 అయితే చాలావరకు తట్టుకుంటుంది.

బురద రంగుకి "ఎక్కువ రంగులు కలిపాను" అని రాసేస్తారు. అదొక్కటే కాదు, కింది పొర ఆరకముందే రెండోది వేస్తే కింది రంగు లేచి కలిసిపోతుంది. చేతి వెనకవైపు కాగితానికి ఆనించండి, చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్టే.

మినార్‌కింద:
మీ అసలు సరుకు చార్మినార్ షీటు. చెంబు దగ్గర నేర్చుకున్న ఎలిప్స్ అక్కడ తిరగబడుతుంది. రోడ్డు మీద నిలబడితే మినార్ల చుట్టూ ఉన్న బాల్కనీలు కంటి మట్టానికి పైన ఉంటాయి కాబట్టి ముందంచు మధ్యలో పైకి వంగుతుంది, పై బాల్కనీకి ఆ వంపు ఇంకా ఎక్కువ. ఎదురు మేడ మీద నుంచి గీస్తే కంటి మట్టంలో ఉన్న బాల్కనీ తిన్నటి గీతే. మీ షీట్లో అన్నీ చెంబు అడుగులా కిందికి వంగి ఉంటే, మీరు పట్టుకున్నది రూపమే, సూత్రం కాదు. నిర్మొహమాటంగా అదే రాయండి, 300 పదాల్లో మూడోవంతు దానికే ఇవ్వొచ్చు.

కొలతలూ చూడండి. మినార్ పైకి పోయేకొద్దీ పొట్టిదైపోయి ఉంటే పెన్సిల్‌తో కొలిచేటప్పుడు మోచెయ్యి వంగి ఉంటుంది. చెయ్యి దగ్గరికొస్తే పెన్సిల్ మీద పడే కొలత తగ్గిపోతుంది.

మసకగీత:
ఇప్పుడే చూశాను, నాలుగు మినార్లకీ బాల్కనీలన్నీ కిందికే వంగి ఉన్నాయి! ఇది పోర్ట్‌ఫోలియోలో పెడితే మార్కులు పోవా?

చెంబూకుండా:
ఒక్కటే పెడితే పోవచ్చు. షీటు మీద ట్రేసింగ్ పేపర్ పరిచి, కంటి మట్టం గీత ముందు గీసి, సరైన వంపులు ఎర్ర పెన్సిల్‌తో వేయండి. ట్రేసింగ్‌ను పై అంచున మాత్రమే టేపుతో అంటించండి, ఎత్తి చూసేలా. అసలు షీటును రబ్బరుతో ముట్టుకోకండి.