పిల్లలకు బొమ్మలు తగ్గించినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

భవానీనగర్ అమ్మ:
మా పాపకు మూడేళ్లు. గంపెడు బొమ్మలు నేలమీద కుమ్మరిస్తుంది, ఒక్కదాంతోనూ ఆడదు, ఫోన్ కావాలని ఏడుస్తుంది. సగం తీసేద్దామంటే అత్తమ్మ బాధపడుతున్నారు. మీరెలా చేశారు?

చిత్తూరు నాన్న:
పారేయకండి. మేము అట్టపెట్టెల్లో సర్ది అటక మీద పెట్టాం. నాలుగైదు మాత్రం కింద ఉంచి, కొన్నాళ్లకోసారి మారుస్తాం. పాతవే మా బాబుకు కొత్తగా అనిపిస్తాయి. అమెరికాలోని టొలెడో యూనివర్సిటీ వాళ్లు 36 మంది చిన్నపిల్లలకు ఒకసారి 4 బొమ్మలు, ఇంకోసారి 16 ఇచ్చి చూశారు. 2018లో అచ్చయింది. నాలుగే ఉన్నప్పుడు ఒక్కోదానితో ఎక్కువసేపు, రకరకాలుగా ఆడుకున్నారట. మా ఇంట్లోనూ అదే చూస్తున్నాను. చెక్క దిమ్మెలు పొద్దున ఇల్లు, సాయంత్రానికి బస్సు. వాడే కండక్టరై "తిరుమల, తిరుమల" అని కేకలేస్తాడు, మేమంతా టికెట్ కొనాల్సిందే.

చంద్రగిరి అవ్వ:
అమ్మాయీ, మీ అత్తమ్మనూ ఆటలో కూర్చోబెట్టుకో, బాధ అదే పోతుంది. నేను మనవరాలికి వామనగుంటలు నేర్పించినా. పీట లేకపోతే ఏం, చాక్‌పీసుతో వరసకు ఏడు చొప్పున 14 గుంటలు గీస్తే సరి. చింతగింజలు పెరటి చెట్టువే. ఒక్కో గుంటలో ఒక్కోటి వేసుకుంటూ పోతుంటే కూడికలు వాటంతటవే వచ్చేసినాయి.

కొర్లగుంట అమ్మ:
అవ్వగారూ, ఎంత బాగా చెప్పారో! కానీ ఇంట్లో మూడేళ్ల లోపు పిల్లలుంటే గింజలు అందకుండా పెట్టాలి. ముక్కులో పెట్టుకుంటారు, గొంతులో ఇరుక్కుంటాయి. ప్లాస్టిక్ బొమ్మ కొన్నా ఐఎస్‌ఐ గుర్తు చూడండి, 2021 జనవరి నుంచి తప్పనిసరి చేశారు. పుట్టినరోజుకు గిఫ్టులు వద్దంటే చుట్టాలు వినరు. రంగులో, కథల పుస్తకమో తెమ్మని ముందే చెప్తే మాత్రం సంతోషంగా తెస్తారు.

రేణిగుంట అమ్మ:
ఇవన్నీ ఇంట్లో పెద్దవాళ్లుంటే కుదురుతాయి. మాది రెండో అంతస్తులో అద్దె ఇల్లు, ఇద్దరం ఉద్యోగస్తులం. వంట అయ్యేదాకా బాబును ఆడించే మనిషి ఎవరు?

చిత్తూరు నాన్న:
నిజమేనండీ, ఆ టెన్షన్ మాకూ ఉంది. వంటింట్లోనే ఒక మూల వాడికిచ్చేశాం. స్టీలు గిన్నెలు, గరిటె, చిక్కుడుకాయలు. వలిచేది సగం, కింద పడేది సగం, కానీ ఫోన్ అడగడు. సెలవురోజున బొమ్మ కొనే డబ్బులతో అలిపిరి దగ్గర సైన్స్ సెంటర్‌కు తీసుకెళ్లి చూడండి, అక్కడ అన్నీ పిల్లలే ముట్టుకుని, తిప్పి చూసుకోవచ్చు.